రాకీ డాడీకి ఫోన్ చేసిన రోజు

కుక్కకు పుట్టినరోజు చేసేవాళ్ళంటే నాకు కోపమేమీ లేదు. చెయ్యండి. కేకు కొయ్యండి, బెలూన్లు కట్టండి, మెడకు ఎర్ర రిబ్బను చుట్టి ఫోటోలు దిగండి. పాపం అది బతికేదే పది పన్నెండేళ్ళు, ఆ మాత్రం సంబరం దానికి దక్కాల్సిందే. నా కోపమల్లా ఒక్కటే. బేకరీ నంబరు నోటికి వస్తుంది, దవాఖానా నంబరు రాదు. కేకు మీద పేరు ఏ రంగులో రాయించాలో మూడు రోజులు చర్చిస్తారు. దెబ్బ తగిలిన కుక్క సొంతవాళ్ళనైనా కరుస్తుందని, దాని మూతికి కట్టే పట్టీ ఒకటి ఇంట్లో ఉంచుకోవాలని మాత్రం తెలియదు. టీకాల కార్డు ఏదంటే మొగుడు పెళ్ళాం మొహం, పెళ్ళాం మొగుడి మొహం చూస్తారు. అర్ధగంట వెతికి చివరికి కరెంటు బిల్లుల మధ్య నుంచి తీస్తారు.

జంతువుల క్లినిక్‌లో నర్సుగా చేసి, ఉద్యోగం మానేసి కొన్నేళ్ళయింది. మోకాళ్ళు మొరాయించాయి. మొన్న ఆదివారం ఇదే పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఉప్పల్లో మా ఇంటికి వచ్చి, "అక్కా, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏంది?" అని అడిగారు. ఏ కొండచిలువ కథో చెబుతాననుకున్నట్టున్నారు. నేను చెప్పింది ఒక ఫోన్ కాల్ సంగతి. వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఇది రాసిపెట్టమన్నారు, రాస్తున్నాను. మీలో ఎవరైనా ఈ పనిలోకి వచ్చేవాళ్ళుంటే చదవండి. కుక్కల్ని పెంచేవాళ్ళుంటే రెండుసార్లు చదవండి.

మా పెట్ క్లినిక్ నాచారం మెయిన్ రోడ్డు మీద ఉండేది. కింద టైర్ల షాపు, పైన మేము. మెట్లు నిటారుగా ఉండేవి. పెద్ద కుక్కను మోసుకొని పైకి వచ్చినవాళ్ళ ఆయాసం చూస్తే, ముందు వీళ్ళకే సెలైన్ పెట్టాలేమో అనిపించేది. అంతకుముందు నేను తార్నాకలో మనుషుల నర్సింగ్ హోంలో చేసేదాన్ని. అది మూతపడితే, "జంతువులైతే ఏంది, సూదే గద" అనుకొని ఇటు వచ్చాను. మొదటి వారంలోనే ఒక పిల్లి నా అభిప్రాయం మార్చింది. దాని గుర్తు ఇప్పటికీ మణికట్టు మీద ఉంది.

మేం ముగ్గురం. డాక్టరుగారిది ఏలూరు వైపు. ఎంత కోపం వచ్చినా "అండీ" వదిలేవారు కాదు. ఏదో ఒక రోజు కుక్కను కూడా "కూర్చోండి" అంటారని మేం నవ్వుకునేవాళ్ళం. ఇంకొకాయన మామ. వరుసకు మాలో ఎవరికీ మామ కాదు, అయినా అందరికీ మామే. జనగామ దిక్కు మనిషి. ఆయన ఉద్యోగం పట్టుకోవడం. డాక్టరుగారు సూది వేస్తుంటే జంతువు కదలకుండా పట్టుకోవడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఆయన చేతులు చూస్తే మళ్ళీ ఆ మాట అనరు. మోచేతి దాకా గాట్లు లేని చోటు లేదు.

మా దగ్గర మనుషులకు పేర్లుండేవి కావు. "టామీ మమ్మీ, లోపలికి రండి." "బ్రూనో తాతయ్యా, మందులు తీసుకోండి." అంతే. ఒక పెద్ద ఆఫీసరు ఉండేవాడు. బయట ఆయన కారు దిగితే నలుగురు లేచి నిలబడేవారు. మా దగ్గర ఆయన చింటూ డాడీ, ఆ చింటూ ఒక కుందేలు. క్లినిక్ ఫోన్‌లో నంబర్లు కూడా అలాగే పెట్టుకునేవాళ్ళం. అసలు పేర్లు మాకు తెలియవు, మేం అడిగేవాళ్ళమూ కాదు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత గమనిస్తే ఆ పిలుపు వాళ్ళకు ఇష్టమని అర్థమైంది. బయట ఎన్ని చిరాకులున్నా సరే, "లియో మమ్మీ" అనగానే మొహం విప్పారేది.

ఇక రక్తం సంగతి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పట్టుకొని రక్తం పీల్చే గోమార్లు మీకు తెలుసు కదా. వాటి వల్ల వచ్చే జ్వరం మన దగ్గర ఎక్కువ. ఆలస్యం చేస్తే కుక్క ఒంట్లో రక్తం అడుగంటిపోతుంది. మనుషులకైతే బ్లడ్ బ్యాంకు ఉంటుంది. కుక్కకు ఇంకో కుక్కే దిక్కు. అలా కళ్ళముందే కొన్ని పోయాక మా డాక్టరుగారు ఒక ఏర్పాటు చేశారు. మా దగ్గరికి వచ్చే కుక్కల్లో పెద్దవి, ఆరోగ్యంగా ఉన్నవి, టీకాలన్నీ పడినవి, కాస్త నెమ్మదిగా ఉండేవి చూసి, వాళ్ళ ఇంటివాళ్ళను అడిగి ఒప్పించారు. అవసరం వస్తే ఫోన్ చేస్తాం, తీసుకురావాలి. అలాంటివాళ్ళ నంబరు పక్కన "బ్లడ్" అని చేర్చుకున్నాం. ఏ ఆపద వచ్చినా సిద్ధంగా ఉన్నామని మాకు మహా ధీమాగా ఉండేది.

ఆ ఏర్పాటుకు మొదట ఒప్పుకున్నది రాకీ డాడీ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఇంజనీరింగ్ షెడ్డులో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. మాట తక్కువ. రాకీ పెద్ద లాబ్రడార్. రెండుసార్లు రక్తమిచ్చాడు. మెడ దగ్గర సూది పెట్టి రక్తం తీస్తుంటే వాడు గురకపెట్టి నిద్రపోయేవాడు. "మావోనికి భయమంటే ఏందో ఎరుకలే అక్కా," అని రాకీ డాడీ మురిసిపోయేవాడు. అయిపోగానే టిఫిన్ డబ్బా తెరిచి ఉడకబెట్టిన గుడ్లు పెట్టేవాడు. మామ ఆ డబ్బా వైపు చూసి, "రక్తం తీసేది నా ముందటనే, గుడ్లు గూడ నా ముందటనే," అని నిట్టూర్చేవాడు. రెండోసారి వచ్చినప్పుడు మామకు కూడా రెండు గుడ్లు వేరేగా కట్టుకొచ్చాడు.

ఆ తర్వాత రాకీ చాలాకాలం రాలేదు. మా పనిలో ఒక జంతువు రావడం మానేస్తే, ఇల్లు మారారనుకుంటాం, లేదా డాక్టర్ని మార్చారనుకుంటాం. ఇంకో కారణం కూడా ఉంటుంది, దాన్ని మాత్రం అనుకోం. ఫోన్ చేసి అడగం. "మీ కుక్క ఇంకా ఉందా" అని అడగడానికి ఎవరికి నోరొస్తుంది చెప్పండి? అడగకపోవడమే మర్యాద అనుకునేవాళ్ళం. ఆ మర్యాదే ఒక రోజు మా కొంప ముంచినంత పని చేసింది.

అది శనివారం. వానలు వెనకబట్టిన రోజులు. రామంతాపూర్ నుంచి వచ్చే లక్కీ మమ్మీ అప్పటికి వారం ముందే నాకు ఫోన్ చేసి ఉంది. ఆమె నాచారంలోనే మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేది. లక్కీ తెల్లటి స్పిట్జ్, బొమ్మలా ఉండేది. "అక్కా, వచ్చే ఆదివారం లక్కీ బర్త్‌డే. చర్చి అయినంక ఇంట్ల కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నం. మీరంత రావాలె," అంది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో పుట్టినరోజైనా, ఉద్యోగమొచ్చినా దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటూ ప్రార్థన పెట్టుకోవడం మామూలే. కుక్కకు పెట్టడం మాత్రం నేనూ వినలేదు. "పాస్టరయ్య ఒప్పుకున్నడా?" అని అడిగాను. "ఆయనకు ఇంటి కోసమని జెప్పిన అక్కా. కుక్క కోసమంటే ఏమనుకుంటడో," అని గొంతు తగ్గించింది.

ఆ హడావిడిలో ఆమె చూడాల్సింది చూడలేదు. లక్కీ రెండు మూడు రోజులుగా సరిగా తినలేదు. వాతావరణం మారిందిలే అని పెరుగన్నం పెట్టింది. ఒంటి మీద గోమార్లు కనిపిస్తే, పండగకు శుభ్రంగా ఉండాలని వేపాకు నీళ్ళతో స్నానం చేయించింది. శనివారం పొద్దున, కుట్టించిన కొత్త గౌను సరిపోతుందో లేదో చూద్దామని తొడిగితే, లక్కీ నిలబడలేక పక్కకు ఒరిగిపోయింది. ఆ గౌనుతోనే ఆటోలో వేసుకొని పరుగెత్తుకొచ్చింది.

మెట్లెక్కి వచ్చిన ఆమె చేతుల్లో గులాబీ రంగు గౌను, దానిలో తల వాల్చేసిన కుక్క. నేను పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాను. ఎరుపన్నది లేదు, సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. డాక్టరుగారు చూశారు, రక్తం పరీక్ష చేశారు. ఆయన ఎప్పుడూ మాటను మెత్తగా చుట్టి చెప్పేవారు. ఆ రోజు చుట్టలేదు.

"రక్తం చాలా తక్కువగా ఉందండీ. మందు పని చెయ్యడానికి టైం కావాలి, ఆ టైం దీనికి లేదు. రక్తం ఎక్కించాలి. ఇవ్వాళే, ఇప్పుడే."

"ఎక్కిస్తే బతుకుతదా సార్?"

"ఎక్కించకపోతే మాత్రం కష్టమండీ."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, రేపు దాని బర్త్‌డే," అంది. అదొక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంది.

"దగ్గర్లో ఎవరున్నారు సిస్టర్?" అని డాక్టరుగారు అడిగారు. నేను లక్కీ కాలికి సూది పెట్టే పనిలో ఉన్నాను. తలెత్తకుండానే "రాకీ" అన్నాను. అంత దగ్గర, అంత నెమ్మది కుక్క ఇంకెవరున్నారు? డాక్టరుగారే క్లినిక్ ఫోన్ తీసి కలిపారు.

"రాకీ డాడీ గారాండీ? నేను డాక్టర్నండీ, క్లినిక్ నుంచి. ఒక పిల్లకి అర్జెంటుగా రక్తం కావాలి. రాకీని తీసుకుని రాగలరా? చాలా థాంక్సండీ." ఫోన్ పెట్టేసి మా వైపు చూశారు. "వస్తున్నానన్నారు."

ఊపిరి పీల్చుకున్నాం. నేను రక్తం పట్టే సంచి, మెడ దగ్గర వెంట్రుకలు తీసే మిషను సిద్ధం చేశాను. మామ పెద్ద టేబుల్ తుడిచాడు. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి మా క్లినిక్‌కు ఎంత దూరం గనక? బండి మీద ఇట్టే రావచ్చు. మేం వేరే ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అవసరం ఏముంది, వస్తున్నానన్నాడు కదా.

రాలేదు. ఎదురుచూశాం. కింద ఏ బండి ఆగినా మామ కిటికీలోంచి తొంగి చూసేవాడు. టైరు మార్పించుకునేవాళ్ళే తప్ప రాకీ లేడు. మళ్ళీ ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. లక్కీ ఊపిరి పైపైన ఆడుతోంది. లక్కీ మమ్మీ మూలన స్టూలు మీద కూర్చొని "ప్రభువా, ప్రభువా" అనుకుంటోంది. నా ఓపిక అడుగంటింది.

"సార్, ఇంకొకళ్ళకు జేద్దం," అన్నాను.

"వస్తున్నానన్నారు కదండీ," అన్నారు ఆయన, కానీ ఆ గొంతులో ఇందాకటి నమ్మకం లేదు.

నేనే ఫోన్ లాక్కొని మొదలుపెట్టాను. ఉప్పల్లో ఒక జర్మన్ షెపర్డ్ ఉంది, వాళ్ళు పెళ్ళికి వరంగల్ వెళ్ళారు, కుక్కనూ తీసుకెళ్ళారు. లాలాపేట్‌లో ఒకటి ఉంది, అది పిల్లల్ని పెట్టి పాలిస్తోంది. ఇంకొకావిడ, ఎప్పుడడిగినా ఇస్తానన్నావిడే, "అక్కా, మావోడు ఈ మధ్య జర నీరసంగ ఉన్నడు, వద్దులే," అని పెట్టేసింది. కిందటి ఆదివారమే వాడు పార్కులో పావురాల్ని తరుముతున్న వీడియో పంపింది ఆవిడ. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు కింద ఎవరో ఆటోవాడితో గొడవపడుతున్న చప్పుడు వినిపించింది. "సీటు కరాబయితే నేను తుడుస్త అంటున్న గద అన్నా!" తర్వాత మెట్ల మీద అడుగులు. తలుపు నెట్టుకొని రాకీ డాడీ వచ్చాడు. చొక్కా నిండా మెషీన్ ఆయిల్ మరకలు. చేతుల్లో ఒక గోధుమరంగు వీధి కుక్క. మున్సిపాలిటీవాళ్ళు ఆపరేషన్ చేసి వదిలినదని తెలిసేట్టు దాని ఒక చెవి కొస కత్తిరించి ఉంది.

"రాకీ ఏడి?" అన్నాను.

"రాకీ లేడక్కా. పోయినేడు ఎండకాలంల పోయిండు."

నేను అరిచాను. "మరి గా ముచ్చట ఫోన్లనే జెప్పాలె గద! ఇక్కడ ఒక పాణం కొట్టుకుంటున్నది. నువ్వొస్తున్నవని ఎవ్వరిని పిలువకుండ కూసున్నం. గింత సేపు! ఏమనుకున్నవ్ నువ్వు?" ఇంకా ఏమేమో అన్నాను. గొంతు కింద టైర్ల షాపు దాకా వినిపించిందట, తర్వాత వాళ్ళే చెప్పారు. ఆ రోజు అలా అరిచినందుకు నేను ఇప్పటికీ బాధపడను. అవతల ప్రాణం పోతుంటే ఎవరైనా అరుస్తారు.

అతను కుక్కను టేబుల్ మీదికి ఎక్కించి, చెయ్యి తియ్యకుండా పట్టుకున్నాడు. "దీనిది తీస్కోండ్రి అక్కా. మా కంపెనీ గేటు కాడుంటది. టీకాలన్ని నేనే ఏపిచ్చిన. గోమార్ల మందు గూడ నెల నెల పెడ్తున్న. ఆటోలోళ్ళు ఎవ్వరు ఎక్కించుకోలే, గందుకే లేటయింది," అన్నాడు.

లక్కీ మమ్మీ లేచి వచ్చింది. ఆ కుక్కను చూసి, నా వైపు చూసి, "వీధి కుక్కదా అక్కా? మా లక్కీకి జాతి పేపర్లున్నయి," అంది.

"పేపర్లు ఎక్కిస్తమా, రక్తం ఎక్కిస్తమా?" అని ఆమె మీద కూడా అరిచాను. ఆమె ఏడుస్తూనే తల ఊపింది. భయంలో మనిషి నోటికి ఏదొస్తే అది అంటుంది. ఆమె చెడ్డది కాదు.

డాక్టరుగారు ఈ గొడవంతా పట్టించుకోకుండా అప్పటికే, రాకీ డాడీ పట్టుకొని ఉండగా, ఆ కుక్క పళ్ళు, కళ్ళు, జ్వరం చూస్తున్నారు. బరువు తూచారు. రక్తపు చుక్క తీసి జ్వరం క్రిములు ఉన్నాయేమో పరీక్షించారు. దాని రక్తం, లక్కీ రక్తం గాజు పలక మీద కలిపి, గడ్డలు కడుతుందేమోనని చూశారు. "పర్వాలేదండీ. లక్కీ చిన్నది కాబట్టి అరసంచి చాలు. దీనికీ ప్రమాదం ఉండదు. కదలకుండా ఉంటే చాలు," అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. అతన్ని పక్కకు జరగమని మామ దగ్గరికి వెళ్ళగానే అది పళ్ళు చూపించి గుర్రుమంది. మూతికి పట్టీ కట్టబోతే టేబుల్ మీద నుంచి దూకబోయింది. ఎన్నో వేల కుక్కల్ని పట్టుకున్న మామ రెండడుగులు వెనక్కి వేసి, "ఇది నన్ను రానియ్యది బిడ్డా. దీన్ని ఎవలో మస్తు కొట్టిన్రు ఎన్నడో," అన్నాడు. మత్తు ఇస్తే సరే, కానీ అప్పుడు రక్తం అంత బాగా రాదు, టైమూ పడుతుంది. డాక్టరుగారు నుదురు రుద్దుకున్నారు.

రాకీ డాడీ చెప్పులు విప్పి టేబుల్ ఎక్కాడు. ఆ స్టీలు టేబుల్ మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, కుక్క తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. పట్టీ అతనే కట్టాడు. దాని చెవిలో ఏదో చెబుతున్నాడు. నేను మెడ దగ్గర వెంట్రుకలు తీసేటప్పుడు వినిపించింది. "ఏం గాదు. జరసేపే. డ్యూటీ అయిపోంగనే పోదాం." సూది దిగినప్పుడు ఒక్కసారి ఒళ్ళంతా బిగబట్టింది. అది గనక విదిలించుకుంటే ఆ నరం మళ్ళీ దొరకదు, ఇంకో కుక్కా లేదు. అతను వంగి తన గడ్డం దాని తల మీద ఆనించాడు. అది వదులయింది. సంచిలోకి రక్తం రావడం మొదలైంది. మామ పక్కన నిలబడి చేతులు కట్టుకొని, "నా నౌకరి పోయినట్టే ఇగ," అన్నాడు. ఎవరూ నవ్వలేదు గానీ ఆ మాటతో గదిలో ఉన్నవాళ్ళందరికీ కాస్త ప్రాణం లేచొచ్చింది.

లక్కీకి రక్తం బొట్టు బొట్టుగా ఎక్కించాలి. తొందరపడితే అదో ప్రమాదం. ఒళ్ళు దద్దుర్లు తేలుతుందా, ఊపిరి ఎగపోస్తుందా అని దాని మీదే కన్నేసి కూర్చున్నాను. గౌను ఎప్పుడో కత్తిరించి పక్కన పడేశాను, లక్కీ మమ్మీ దాన్ని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎండ వాలాక చిగుళ్ళు చూశాను. లేతగా, చాలా లేతగా, రంగు వచ్చింది. కాసేపటికి లక్కీ తల ఎత్తింది. మామ దాని దుప్పటి సరిచేద్దామని చెయ్యి పెట్టగానే గుర్రుమంది. మా క్లినిక్‌లో అంతకన్నా మంచి వార్త ఇంకొకటి ఉండదు. మామ ఆ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. లక్కీ మమ్మీ గౌనులో మొహం దాచుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేముంది.

రాకీ డాడీ కోసం చూస్తే లేడు. రక్తం తీశాక కుక్కకు నీళ్ళు పట్టించి, మెట్ల మీద కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడట.

ఆ రాత్రి క్లినిక్ మూసేటప్పుడు డాక్టరుగారు, "తప్పు ఆయనది కాదండీ. మనం అన్నీ సిద్ధం చేసుకున్నాం గానీ, ఆ కుక్కలు ఉన్నాయో లేదో ఒక్కసారి కూడా కనుక్కోలేదు," అన్నారు. అదీ నిజమే. సోమవారం నుంచి ఆ పని నాకు పడింది. రెండు నెలలకోసారి "బ్లడ్" అని ఉన్న ప్రతి నంబరుకూ ఫోన్ చెయ్యాలి. పిల్లలూ, సూది వెయ్యడం కన్నా కష్టమైన పని అది. "ఉన్నాడా" అని అడగలేను. "ఎట్లున్నడు మనోడు?" అని అడిగేదాన్ని. అవతల ఉత్సాహంగా కబుర్లు మొదలైతే సరే. అవతల మాట ఆగిపోతే తెలిసిపోయేది.

అలా మాట ఆగిపోయినవాళ్ళు ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. ఒకావిడ, వాడు ఎలా చపాతీలు ఎత్తుకెళ్ళి దిండు కింద దాచేవాడో, దీపావళికి ఎలా బీరువా వెనక దూరేవాడో చాలాసేపు చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. మనిషి పోతే పది రోజులు ఇల్లు నిండుతుంది. కుక్క పోతే పలకరించడానికి ఎవరూ రారు. "ఇంకోటి తెచ్చుకోరాదు" అంటారు, మిక్సీ పాడైనట్టు. అందుకే చెబుతున్నాను, ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకండి. అడిగితే బాధపడతారని మనం అనుకుంటాం. వాళ్ళేమో ఎవరైనా అడుగుతారా అని చూస్తుంటారు.

లక్కీ నాలుగైదు రోజుల్లో అన్నం తింది. కూడికను ఆ పై ఆదివారానికి మార్చారు. లక్కీ మమ్మీ క్లినిక్‌కు వచ్చి మరీ పిలిచింది. "గా అన్న తప్పకుండ రావాలె, కుక్కను గూడ తోల్కరావాలె," అని పట్టుబట్టింది. అతను రానంటే రానన్నాడు. నేనే షెడ్డు గేటు దాకా వెళ్ళి, "తిట్టిన దాన్ని నేనే పిలుస్తున్న, నడువు," అని ఆటో ఎక్కించాను.

రామంతాపూర్ సందులో చిన్న ఇల్లు. బెలూన్లు, కేకు, వచ్చిన చుట్టాలు, గోడకు బైబిల్ వాక్యం రాసిన పటం. లక్కీ కొత్త గౌనుతో సోఫా మీద మహారాణిలా కూర్చుంది. పాస్టరయ్య వచ్చి కేకు మీద పేరు చదివాడు, లక్కీని చూశాడు, లక్కీ మమ్మీని చూశాడు. ఆమె చూపు నేలలో పాతుకుపోయింది. "ఇంటి కోసమని జెప్పినవ్ గద బిడ్డా. మరి ఇంటికి తోక మొలిచినట్టున్నదే," అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. తర్వాత ఆయన నిజంగానే ప్రార్థన చేశాడు. ప్రాణమిచ్చినవాడికి, ప్రాణం నిలిపినవాళ్ళకు కృతజ్ఞత చెప్పాడు. వైద్యుల్ని, కదలకుండా పట్టుకునే చేతుల్ని కూడా తలచుకున్నాడు. మామ కళ్ళు తుడుచుకున్నాడు.

కేకు కోసేముందు లక్కీ మమ్మీ రాకీ డాడీని ముందుకు లాక్కొచ్చింది. "మా లక్కీకి రక్తమిచ్చింది ఈ అన్న కుక్కనే," అని చుట్టాలకు చెప్పి, "దీని పేరేంది అన్నా?" అని అడిగింది.

"పేరు పెట్టలే అమ్మా," అన్నాడు. మెడ వంచుకొని అన్నాడు, ఏదో తప్పు చేసినట్టు.

వెళ్ళేటప్పుడు ఆటోలో నేను, అతను, మా ఇద్దరి కాళ్ళ దగ్గర ఆ కుక్క. ఇక ఉండబట్టలేక అడిగాను. "కోపం పోయింది గాని, నాకు జవాబు గావాలె. ఆ దినం సార్ ఫోన్ జేసినప్పుడు రాకీ లేడని ఎందుకు జెప్పలే?"

మొహం బయటికి తిప్పుకున్నాడు. ఉప్పల్ వైపు బస్సులు వెళ్తున్నాయి.

"ఫోన్ ఎత్తంగనే సార్ 'రాకీ డాడీ గారా' అన్నడు అక్కా. నన్ను గట్ల పిలిచి ఏడాది దాటింది. నోట్లకెల్లి అవునని వచ్చేసింది. అవునన్నంక వాడు లేడని ఎట్ల జెప్పాలె? లేడంటే నేను గూడ రాకీ డాడీని గాకుండ పోత గద." కుక్క తల నిమిరాడు. "ఒట్టి చేతులతోటి రాలేక దీన్ని ఎత్కొచ్చిన."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. దుఃఖం వస్తే నాకు కోపం కూడా వస్తుంది, అదో రోగం.

"ఏం గాకుండ పోవు. సోమవారం దీన్ని తోల్కరా. రక్తమిచ్చినంక మల్ల చూడాలె. ఈసారి లేటు జేసినవనుకో, మల్ల తిడ్త," అన్నాను.

సోమవారం నేను షట్టరు ఎత్తడానికి వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. కుక్క అతని కాలికి ఆనుకొని పడుకుంది. ఆయిల్ మరకల్లేని చొక్కా వేసుకున్నాడు. నేను తాళం తీసి, లైట్లు వేసి, బల్ల తుడిచి, నా కుర్చీలో కూర్చున్నాను. వాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. అయినా రోజూ పిలిచినట్టే, కింద టైర్ల షాపుకు వినిపించేట్టు గట్టిగా పిలిచాను.

"రాకీ డాడీ, లోపలికి రండి!"